క్రాస్‌మగ్లెన్: పదహారు వందల మంది ఊరికి అంత కోట ఎందుకు కట్టారు?

న్యూరీ_నాగు
ఉత్తర ఐర్లండ్‌లో న్యూరీకి మారినప్పట్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఇక్కడికి దగ్గర్లోనే దక్షిణ ఆర్మాలో క్రాస్‌మగ్లెన్ అనే ఊరుంది. జనం మహా అయితే పదహారు వందల మంది. యూకేకీ ఐర్లండ్‌కీ మధ్య సరిహద్దు అడుగు దూరంలోనే. ఊరి మధ్యలో సంత జరిగే పెద్ద చౌక్, దాని పక్కనే పోలీస్ స్టేషన్, ఆ స్టేషన్ గోడకి ఆనుకుని ఫుట్‌బాల్ మైదానం. ఒకప్పుడు ఆ స్టేషనే బ్రిటిష్ సైన్యం స్థావరం, చుట్టూ ఉన్న కొండలన్నిటి మీదా కాపలా టవర్లు ఉండేవట. ఆఫీసులో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తున్నారు. క్రాస్‌మగ్లెన్ వైపు అతను '71లో బెల్‌ఫాస్ట్‌లో సైనికుడు మా మనిషిని ఊరికే కాల్చేశాడు, అక్కడ మొదలైంది అన్నాడు. బెస్‌బ్రుక్ అతను కాదు, అంతకుముందే వాళ్ళు పోలీసుల్ని చంపారు అన్నాడు. మూడో ఆయన టీ కప్పు పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. నెట్‌లో చదివితే ఒక్కో పేజీ ఒక్కో సంవత్సరం నుంచి మొదలవుతుంది. తెలిసినవాళ్ళు వరసగా చెప్పండి. ఆ ఊళ్ళోనే ఎందుకు అంత జరిగింది?

కాకినాడ_కిట్టు
క్యాథలిక్, ప్రొటెస్టెంట్ గొడవే కదా అన్నా? ఇద్దరూ చర్చికెళ్ళేవాళ్ళే. అంతలా చంపుకోవడం ఏంటి?

చరిత్ర_చెంచయ్య
కిట్టూ, అక్కడ ఎవరూ ప్రార్థన ఎలా చెయ్యాలన్నదాని మీద తుపాకీ పట్టలేదు. భూమి ఎవరిది, ప్రభుత్వం ఎవరిది అన్నదే గొడవ. ఎవరు ఎటువైపో చెప్పడానికి మతం గుర్తుగా పనికొచ్చింది, అంతే.

1609 తర్వాత ఇంగ్లండ్ రాజు అల్‌స్టర్ భూములు లాక్కుని స్కాట్లండ్, ఇంగ్లండ్ నుంచి ప్రొటెస్టెంట్లని తెచ్చి కూర్చోబెట్టాడు. ఆర్మా జిల్లాలో ఉత్తరం వైపు మంచి భూమి, ఇప్పటికీ ఆపిల్ తోటలు అక్కడే. దక్షిణం వైపు రాళ్ళు, బురద నేల, కొండలు. కొత్తగా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అక్కడికి పోలేదు. కాబట్టి దక్షిణ ఆర్మా దాదాపు మొత్తం క్యాథలిక్‌గానే మిగిలిపోయింది.

1920 చట్టంతో ఐర్లండ్‌ని రెండు చేసి, ఆరు జిల్లాలు ఉత్తరానికి, అంటే బ్రిటన్ కింద ఉండే భాగానికి, ఇచ్చారు. గీత కొత్తగా గీయలేదు. ఎప్పటివో పాత జిల్లా హద్దులనే దేశ సరిహద్దు చేసేశారు. ఆర్మా జిల్లా మొత్తం ఉత్తరంలోకి పోయింది కాబట్టి క్రాస్‌మగ్లెన్ కూడా పోయింది. వాళ్ళ సంత డండాక్‌లో, చుట్టాలు లౌత్‌లో, మోనాహన్‌లో, అన్నీ గీతకి అవతలే. ప్రభుత్వం మాత్రం బెల్‌ఫాస్ట్‌లో. నాగు అడిగినదానికి మొదటి జవాబు ఇదే.

గోదారి_గీత
చెంచయ్య గారూ, అక్కడ ఉన్న కొద్దిమంది ప్రొటెస్టెంట్ రైతుల మాట కూడా చెప్పాలి. మూడు వందల ఏళ్ళుగా అదే పొలం దున్నుకుంటున్నవాళ్ళని ఇంకా 'వచ్చినవాళ్ళు' అనడం న్యాయం కాదు.

చరిత్ర_చెంచయ్య
నిజమే, వాళ్ళకీ వేరే ఊరు లేదు. నేను చెప్పింది మొదలు ఎలా పడిందో అంతవరకే.

డండాక్_దేవి
నేను డండాక్‌లో నర్సుని. క్రాస్‌మగ్లెన్ మాకు కారులో అరగంట కూడా పట్టదు. కానీ నాకు ఐర్లండ్ పర్మిట్టే ఉంది, యూకే వీసా లేదు, కాబట్టి వెళ్ళకూడదు. దారిలో గేటు లేదు, పోలీసు లేడు, బోర్డు కూడా లేదు. రోడ్డు పక్క పసుపు గీత పోయి తెల్ల గీత వస్తుంది, వేగం బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్ళు వస్తాయి. అంతే సరిహద్దు.

కాకినాడ_కిట్టు
గేటు లేకపోతే వెళ్ళిరావచ్చు కదక్కా, ఎవరు చూస్తారు?

డండాక్_దేవి
వద్దు తమ్ముడూ. బస్సుల్లో అప్పుడప్పుడు ఎక్కి కాగితాలు అడుగుతారు. దొరికితే ఉద్యోగం, పర్మిట్టు రెండూ పోతాయి. ఎవరికీ ఈ సలహా ఇవ్వకు.

బెల్‌ఫాస్ట్_బాబాయ్
దేవి చెప్పింది అక్షరాలా పాటించండి పిల్లలూ.

నాగూ, చెంచయ్య గారు 1920 దగ్గర ఆగారు. అసలు కడుపు మండే సంగతి 1925లో ఉంది. ఆయనే రాస్తే బావుంటుంది.

చరిత్ర_చెంచయ్య
రాస్తాను.

1921 డిసెంబర్ ఒప్పందంలో ఒక షరతు ఉంది. సరిహద్దు కమిషన్ వేసి, అక్కడి జనం కోరిక చూసి, ఆర్థిక, భౌగోళిక పరిస్థితులు కూడా చూసి గీత సరిచెయ్యాలని. సరిహద్దు పల్లెల్లో జాతీయవాదులు, అంటే ఐర్లండ్ ఒక్కటిగా ఉండాలనేవాళ్ళు, దాని మీదే ఆశ పెట్టుకున్నారు. 'నాలుగు రోజులు ఓపిక పట్టు, మనం ఫ్రీ స్టేట్‌లోకి పోతాం' అనుకున్నారు. ఫ్రీ స్టేట్ అంటే డబ్లిన్ ఏలే దక్షిణ భాగం. కమిషన్ 1924లో గానీ కూర్చోలేదు. అధ్యక్షుడు దక్షిణాఫ్రికా జడ్జి రిచర్డ్ ఫీథమ్. డబ్లిన్ తరఫున ప్రొఫెసర్ ఓవెన్ మక్‌నీల్, ఉత్తరం తరఫున పత్రికా సంపాదకుడు ఫిషర్. ఊరూరా తిరిగి వాంగ్మూలాలు తీసుకున్నారు.

రిపోర్టులో దక్షిణ ఆర్మాని, క్రాస్‌మగ్లెన్‌తో సహా, ఫ్రీ స్టేట్‌కి ఇవ్వాలని రాశారు! న్యూరీని మాత్రం ఇవ్వలేదు. అక్కడ క్యాథలిక్కులే ఎక్కువైనా వ్యాపారం బెల్‌ఫాస్ట్ వైపు ముడిపడి ఉంది, పైగా బెల్‌ఫాస్ట్‌కి మంచినీళ్ళు మోర్న్ కొండల నుంచే వస్తాయి అన్నారు. డొనెగాల్‌లో కొంత ముక్క ఉత్తరానికి ఇవ్వమన్నారు కూడా.

1925 నవంబర్ 7న లండన్ పత్రిక ఒకటి మ్యాప్‌తో సహా ఇది బయటపెట్టేసింది. డబ్లిన్‌లో గొడవ లేచింది, మా నేల పోతుందా అని. మక్‌నీల్ రాజీనామా చేశాడు. డిసెంబర్ 3న మూడు ప్రభుత్వాలూ కూర్చుని ఉన్న గీతనే ఉంచేద్దాం అన్నాయి. బదులుగా బ్రిటన్ జాతీయ అప్పులో ఫ్రీ స్టేట్ కట్టాల్సిన వాటా మాఫీ అయ్యింది. రిపోర్టు బీరువాలో పెట్టి తాళం వేశారు. 1969లో గానీ అచ్చు కాలేదు.

అంటే కాగితం మీద ఒకసారి అవతలికి వెళ్ళిన ఊరు, ఆ అప్పు లెక్కలో మళ్ళీ ఇవతలే మిగిలిపోయింది. డబ్లిన్ వాళ్ళు కూడా మమ్మల్ని వదిలేశారనే కోపం అక్కడ ఇప్పటికీ ఉంది. నాకు దాన్ని తప్పుపట్టడం చేతకాదు.

న్యూరీ_నాగు
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఆఫీసులో కూడా ఎవరి నోటా వినలేదు.

పశువుల_డాక్టర్
మోనాహన్‌లో పశువుల వైద్యం చేస్తున్నాను, సరిహద్దు పొలాలన్నీ తిరుగుతాను. 1923 ఏప్రిల్ 1న కస్టమ్స్ మొదలయ్యింది. అప్పట్నుంచీ ఈ ప్రాంతానికి రెండో వృత్తి దొంగరవాణా. రైతు ఇల్లు ఒక దేశంలో, కొట్టం ఇంకో దేశంలో ఉన్న కేసులు ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఇటు నుంచి అటు వెన్న, గుడ్లు, మాంసం, అటు నుంచి ఇటు టీ, తెల్ల పిండి. తర్వాత పందులు, పశువులు. ఒకవైపు సబ్సిడీ పెరిగితే రాత్రికి రాత్రి పందులన్నీ అటు నడిచేవి. కొన్ని పందులు ఇటూ అటూ తిరిగి తిరిగి మనకంటే ఎక్కువ విదేశీ ప్రయాణాలు చేశాయని రైతులు నవ్వుతూ చెప్తారు.

ఈమధ్య దాకా డీజిల్. పొలం పనికి పన్ను తక్కువ, రంగు కలిపి ఇస్తారు. ఆ రంగు తీసేసి మామూలు డీజిల్‌గా అమ్మడం. తీసిన మడ్డిని రాత్రుళ్ళు రోడ్ల పక్కన పారబోసేవాళ్ళు. ఆ నీళ్ళు తాగే పశువులు ఏమైపోతాయో ఎవరికీ పట్టలేదు. దాన్ని వీరత్వం అని చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

డండాక్_దేవి
నేను చూసుకునే పెద్దాయన ఒకాయన చిన్నప్పుడు వాళ్ళమ్మ కోటు లోపల వెన్న కట్టుకుని రైల్లో వచ్చేదట. కస్టమ్స్ ఆఫీసరు కావాలనే హీటర్ పక్కన కూర్చోబెట్టాడట, వెన్న కరిగి కాళ్ళ వెంట కారేదాకా :)

గోదారి_గీత
వెన్న కథలు బానే ఉన్నాయి. నాగు అడిగింది చావుల గురించి. '71లో మొదలైందన్న మాటకి నా జవాబు ఇది. 1970 ఆగస్టులో క్రాస్‌మగ్లెన్ దగ్గర రోడ్డు మీద దొంగిలించిన ఎర్ర కారు వదిలేసి ఉంటే ఇద్దరు పోలీసులు చూడ్డానికి వెళ్ళారు. తలుపు తియ్యగానే పేలింది. ఇద్దరూ కుర్రాళ్ళు, ఇద్దరూ పోయారు. బెల్‌ఫాస్ట్ కాల్పుకి దాదాపు ఏడాది ముందు. ఈ సంగతి చెప్పకుండా '71 నుంచి మొదలుపెట్టేవాళ్ళు చరిత్ర చెప్పడం లేదు, వాదన చెప్తున్నారు.

బెల్‌ఫాస్ట్_బాబాయ్
గీతా, ఎర్ర కారు సంగతి నిజం. కానీ ఆ ఊరు మూకుమ్మడిగా ఒకవైపు ఒరిగింది మాత్రం '71 ఆగస్టులోనే. దక్షిణ ఆర్మా మనిషి ఒకాయన పని మీద వ్యాన్‌లో బెల్‌ఫాస్ట్ వెళ్ళాడు. స్ప్రింగ్‌ఫీల్డ్ రోడ్ పోలీస్ స్టేషన్ ముందు ఇంజన్ ఠప్పుమని పేలినట్టు చప్పుడు చేసింది. కాపలా సైనికుడు కాల్చాడు, ఆయన అక్కడే పోయాడు. పక్కనున్నవాడిని లోపలికి ఈడ్చుకెళ్ళి కొట్టారు. ఇద్దరి దగ్గరా ఆయుధం లేదు. రెండ్రోజులకి, ఆగస్టు 9న, విచారణ లేకుండా జైల్లో పెట్టడం మొదలుపెట్టి ఇళ్ళ మీద పడ్డారు. క్రాస్‌మగ్లెన్‌లో జనం స్టేషన్ మీదికి వెళ్ళారు. అప్పటిదాకా తుపాకీ అంటే భయపడే ఇళ్ళల్లో కుర్రాళ్ళు కూడా ఐఆర్ఏలో (బ్రిటిష్ పాలన పోయి ఐర్లండ్ ఒక్కటి కావాలని తుపాకీ పట్టిన రహస్య దళం) చేరింది ఆ తర్వాతే. ఆ మనిషి ఏ తప్పూ చెయ్యలేదని ప్రభుత్వం ఒప్పుకునేసరికి నలభై ఏళ్ళు పట్టింది.

గోదారి_గీత
ఆ చావు అన్యాయమే బాబాయ్. ఎర్ర కారు దగ్గర చచ్చినవాళ్ళది కూడా అంతే అన్యాయం. అదొక్కటే నేననేది.

చరిత్ర_చెంచయ్య
మీరిద్దరూ '70, '71 అంటున్నారు. అదే కొండల్లో యాభై ఏళ్ళ వెనక్కి వెళ్ళండి. 1921 జూన్ 22న అయిదో జార్జ్ రాజు బెల్‌ఫాస్ట్ వచ్చి ఉత్తర పార్లమెంటు ప్రారంభించాడు. ఆయన వెంట వచ్చిన గుర్రపు దళం తిరిగి వెళ్తుంటే రెండ్రోజులకి ఎడవోయిల్ దగ్గర ఐఆర్ఏ రైలు పడగొట్టింది. సైనికులు, డజన్ల కొద్దీ గుర్రాలు చచ్చాయి. మరుసటి ఏడు జూన్‌లో ప్రత్యేక పోలీసులు డ్రొమింటీలో ఒక పబ్బు మీద పడి, ఆ ఇంటి గర్భిణీ మీద అత్యాచారానికి దిగారు. ఇద్దరు క్యాథలిక్కుల్ని చంపారు. బదులుగా ఐఆర్ఏ వాళ్ళు జూన్ 17 తెల్లవారుజామున న్యూరీ పక్క ఆల్ట్‌నవేలో ప్రొటెస్టెంట్ ఇళ్ళ మీద పడి ఆరుగుర్ని చంపారు. చంపిన దళానికి నాయకుడు కామ్లాక్ వాడైన ఫ్రాంక్ ఏకెన్. అదే ఏకెన్ తర్వాత ఐర్లండ్ విదేశాంగ మంత్రి అయ్యాడు. అణ్వాయుధాల వ్యాప్తి ఆపే ఒప్పందం మీద 1968లో మాస్కోలో మొట్టమొదటి సంతకం ఆయనదే.

న్యూరీ_నాగు
ఆల్ట్‌నవే నేను రోజూ దాటి వెళ్ళే దారి.

కాకినాడ_కిట్టు
ఆరుగుర్ని చంపించినవాడు శాంతి ఒప్పందం మీద సంతకమా? తల తిరుగుతోంది. అవునూ, మన వి.వి.గిరి గారు ఐర్లండ్‌లో చదివారంటారు, ఈ గొడవల్లోనేనా?

చరిత్ర_చెంచయ్య
1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. అక్కడి జాతీయవాదులతో కలిసి తిరిగారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వం దేశం విడిచి పొమ్మంది, వచ్చేశారు. కార్మికోద్యమంలోకి రావడానికి ఐర్లండే కారణమని ఆయనే చెప్పుకున్నారు. సరిహద్దు పుట్టకముందు సంగతి అది. అప్పటికింకా దేశం ఒక్కటే.

వలస_వెంకట్
ఇంత చర్చ ఎందుకు, బ్రిటిష్ వాళ్ళు వచ్చారు, విడగొట్టారు, పోయారు. ఎక్కడైనా అదే కథ. ఐఆర్ఏ వాళ్ళు స్వాతంత్ర్య వీరులు.

గోదారి_గీత
వెంకట్ గారూ, కింగ్స్‌మిల్ పేరు విన్నారా? వినకపోతే చదవండి. ఇది మీరు వీరులు అన్నందుకు రాస్తున్నాను.

1976 జనవరి 5 సాయంత్రం. గ్లెనాన్ మిల్లులో పని ముగించుకుని కార్మికులు ఎర్ర మినీబస్సులో బెస్‌బ్రుక్ ఇళ్ళకి వెళ్తున్నారు. చీకటి, వాన. కింగ్స్‌మిల్ దగ్గర సైనిక దుస్తుల్లో ఉన్నవాళ్ళు ఆపారు. రోడ్డు చెకింగ్ అనుకుని దిగారు. 'మీలో క్యాథలిక్ ఎవరు?' అని అడిగారు. బస్సులో మిగిలింది ఒక్కడే క్యాథలిక్. వాణ్ణి చంపడానికే వచ్చారనుకుని పక్కనున్న ప్రొటెస్టెంట్ తోటి పనివాళ్ళు మాట్లాడొద్దని అతన్ని అడ్డుకోబోయారు. కానీ వాళ్ళు అతన్ని రోడ్డు వెంట పొమ్మన్నారు, తిరిగి చూడొద్దన్నారు. మిగిలిన పదకొండు మందినీ వరసగా నిలబెట్టి కాల్చారు. పదిమంది చచ్చారు. ఒకాయన ఒంట్లో పద్దెనిమిది తూటాలతో బతికాడు.

ఐఆర్ఏ మేం కాదంది, వేరే పేరు పెట్టుకుని చేశారు. 2024లో కోర్టు విచారణలో తేల్చారు, చేసింది ఐఆర్ఏనే, మతం చూసి చేసిన హత్యలేనని. ఇంతవరకూ ఒక్కరికీ శిక్ష పడలేదు. పంచె బిగించి వీరులు వీరులు అనేముందు ఆ పదిమంది ఏ దేశాన్ని ఏలుతున్నారో చెప్పండి. మిల్లు కార్మికులు వాళ్ళు.

వలస_వెంకట్
ప్రతీకారం లేకుండా అది జరగలేదు కదా.

బెల్‌ఫాస్ట్_బాబాయ్
వెంకట్, ప్రతీకారం అన్న మాట వాడితే దాని ముందు రోజు సంగతి కూడా తెలిసి వాడాలి. నేను చెప్తాను.

జనవరి 4 రాత్రి వైట్‌క్రాస్‌లో రీవీ అన్నదమ్ములు ముగ్గురూ ఇంట్లో టీవీ చూస్తున్నారు. తాళంచెవి తలుపుకే ఉంది, ఆ రోజుల్లో అలాగే వదిలేసేవాళ్ళు. ప్రొటెస్టెంట్ సాయుధులు లోపలికొచ్చి కాల్చారు. ఇద్దరు అప్పుడే, మూడోవాడు నెలాఖరుకి పోయారు. అదే రాత్రి ఇంకో ఊళ్ళో ఓడౌడ్ కుటుంబంలో ముగ్గుర్ని చంపారు. ఈ ముఠాలో పోలీసులూ, స్థానిక సైనిక దళం వాళ్ళూ ఉన్నారని తర్వాత తేలింది. గ్లెనాన్ ముఠా అంటారు. క్యాథలిక్కులకి రక్షణ ఇవ్వాల్సిన యూనిఫామే అది.

మరుసటి రోజు రీవీ కుటుంబం ఆస్పత్రికి శవాల కోసం వెళ్తూ కింగ్స్‌మిల్ దగ్గరే ఆ దృశ్యం మీదికి వచ్చిపడింది. తన తమ్ముళ్ళని తెచ్చుకోవడానికి వెళ్ళే మనిషి, దారిలో ఆ పదిమందినీ చూశాడు. తర్వాత ఏళ్ళకి పార్లమెంటులో ఒక పెద్దమనిషి, కింగ్స్‌మిల్ హత్యల్లో ఈ రీవీ అన్నకే చెయ్యి ఉందని అన్నాడు. అబద్ధం. దర్యాప్తు వాళ్ళు కూడా ఆధారం లేదన్నారు. అతని పక్షాన నిలబడి మాట్లాడింది ఎవరో తెలుసా? ఆ పద్దెనిమిది తూటాలు తిని బతికినాయన. ఇద్దరూ స్నేహితులు. వెంకట్, నువ్వు వీరుల కోసం వెతుకుతుంటే వీళ్ళిద్దరి దగ్గర ఆగు.

డండాక్_దేవి
బాబాయ్ గారూ, ఇది చదివి చాలాసేపు ఏం రాయలేకపోయాను.

చరిత్ర_చెంచయ్య
ఆ రెండ్రోజుల తర్వాతే లండన్ ప్రభుత్వం దక్షిణ ఆర్మాకి ఎస్ఏఎస్ కమాండోల్ని పంపుతున్నట్టు ప్రకటించింది. అంతకుముందు '75లోనే ఉత్తర ఐర్లండ్ మంత్రి మెర్లిన్ రీస్ ఆ ప్రాంతాన్ని బందిపోట్ల దేశం అన్నాడు. అక్కడి జనం ఇప్పటికీ ఆ మాట క్షమించలేదు. పాలు పితికే రైతునీ, బడికెళ్ళే పిల్లనీ ఒకే ముద్దగా కట్టేసిన మాట అది.

బడికెళ్ళే పిల్ల అన్నాను కాబట్టి. '76 ఆగస్టు 14న వైట్‌క్రాస్ దగ్గరే పన్నెండేళ్ళ మెజెల్లా ఓహేర్ స్నేహితులతో చర్చికి నడిచి వెళ్తుంటే పారాచూట్ దళం సైనికుడి మెషిన్‌గన్ తూటా వీపులో దిగింది. వాళ్ళ నాన్న దగ్గర్లోనే గడ్డి కోస్తున్నాడు, పరుగెత్తుకొచ్చాడు. సైనికుణ్ణి కోర్టు వదిలేసింది. 2011లో ప్రభుత్వం కుటుంబానికి క్షమాపణ లేఖ ఇచ్చింది. ముప్పై అయిదేళ్ళకి.

న్యూరీ_నాగు
అయితే కోట? టవర్లు?

చరిత్ర_చెంచయ్య
రోడ్డు మీద తిరిగితే బాంబు పేలుతుంది కాబట్టి సైన్యం రోడ్లు వదిలేసింది. బెస్‌బ్రుక్‌లో పాత నార మిల్లుని హెలికాప్టర్ స్థావరం చేశారు. యూరప్‌లోకెల్లా అంత రద్దీ హెలిపోర్ట్ లేదనేవాళ్ళు. క్రాస్‌మగ్లెన్ స్టేషన్‌కి తిండి, సరుకు, సైనికులు అన్నీ ఆకాశం నుంచే. చెత్త కూడా పైకే వెళ్ళేది. '80ల మధ్యలో కొండల మీద టవర్లు కట్టారు, దూరంలో ఉన్న కారు నంబరు చదివేటంత కెమెరాలు పెట్టారు. చౌక్‌లో కూడా ఒక కాపలా గూడు. '76లో అక్కడే సైకిల్ మీద పెట్టిన బాంబు పేలి చచ్చిపోయిన సైనికుడి పేరే దానికి పెట్టారు.

అంత చేసినా మొత్తం గొడవల కాలంలో దక్షిణ ఆర్మాలో 123 మంది సైనికులు, 42 మంది పోలీసులు చనిపోయారు. అంత చిన్న ప్రాంతంలో. '90ల్లో దూరం నుంచి పెద్ద రైఫిల్‌తో ఒక్కొక్కర్నే కొట్టడం మొదలైంది. దారి పక్క 'స్నైపర్ పనిలో ఉన్నాడు' అని హెచ్చరిక బోర్డులు పెట్టేవాళ్ళు. 1998 శాంతి ఒప్పందానికి ముందు చివరగా చనిపోయిన సైనికుడు '97 ఫిబ్రవరిలో బెస్‌బ్రుక్ చెక్‌పోస్టులో, ఒక ఆవిడ లైసెన్సు తిరిగి ఇస్తూ కాల్పుకి పోయాడు. ఆమెకీ గాయమైంది.

పశువుల_డాక్టర్
ఆ హెలికాప్టర్లకి బెదిరి పరుగెత్తిన ఆవుల గురించి ముసలి రైతులు ఇప్పటికీ చెప్తారు. కంచెలు తెంపుకునేవట.

ఫుట్‌బాల్_ఫణి
మైదానం సంగతి నేను చెప్తాను, ఇది నా ఏరియా. క్రాస్‌మగ్లెన్ రేంజర్స్ అని గేలిక్ ఫుట్‌బాల్ (ఐర్లండ్ వాళ్ళ సొంత ఆట) క్లబ్. '70ల్లో సైన్యం వాళ్ళ మైదానంలో ఒక ముక్క స్థావరంలో కలిపేసుకుంది. ఆట మధ్యలో హెలికాప్టర్ గోల్ వెనక దిగేది. బంతి గోడ అవతల పడితే తిరిగి వచ్చేది కాదు. అలాంటి చోట ప్రాక్టీస్ చేసి 1997లో ఐర్లండ్ మొత్తానికి క్లబ్ చాంపియన్లు అయ్యారు. తర్వాత '99, 2000, 2007, 2011, 2012. ఆరుసార్లు! చిన్న ఊరు!

గోదారి_గీత
ఫణీ, అదే గేలిక్ సంస్థలో పోలీసుల్నీ సైనికుల్నీ సభ్యులుగా తీసుకోకూడదనే నియమం ఉండేది, అది కూడా రాయి.

ఫుట్‌బాల్_ఫణి
ఉండేది. 2001లో తీసేశారు. ఉత్తర జిల్లాల్లో చాలా శాఖలు వద్దన్నాయి. మైదానం మీద హెలికాప్టర్ దిగుతుంటే పెరిగిన పిల్లలు వద్దనడంలో నాకు ఆశ్చర్యం లేదు. తీసెయ్యడం మంచిదయ్యింది, అది కూడా అంటాను.

డండాక్_దేవి
రోడ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. సరిహద్దు మీద రెండు వందలకి పైగా దారులుంటే ఓ ఇరవై మాత్రం ఉంచి మిగతావి సైన్యం గోతులు పేల్చి, ఇనుప దూలాలు పాతి మూసేసింది. నేను చెప్పిన పెద్దాయన, ఆదివారం పూజ అయ్యాక ట్రాక్టర్ల మీద రాళ్ళు తెచ్చి గొయ్యి పూడ్చేవాళ్ళం, బుధవారానికి మళ్ళీ పేల్చేవాళ్ళు, మళ్ళీ పూడ్చేవాళ్ళం అని చెప్పాడు. ఆయన అక్క పెళ్ళయి వెళ్ళింది కళ్ళకి కనిపించే ఇంటికి. గొయ్యి వల్ల ఆ ఇంటికి పోవాలంటే చుట్టు తిరిగి గంట.

బెల్‌ఫాస్ట్_బాబాయ్
నేను వచ్చిన కొత్తలో డబ్లిన్ వెళ్ళాలంటే న్యూరీ దాటాక పెద్ద చెక్‌పోస్టు. హెడ్‌లైట్లు ఆర్పి లోపలి లైటు వెయ్యాలి. ముఖానికి బురద రంగు పూసుకున్న పిల్లవాడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, తుపాకీ పట్టుకుని లైసెన్సు అడిగేవాడు. వాడి చేతులు వణకడం చూశాను. ఆస్పత్రిలో ఆ వయసు సైనికుణ్ణీ, అదే వయసు ఊరి కుర్రాణ్ణీ పక్కపక్క బెడ్లలో చూశాను. ఇద్దరూ అమ్మనే పిలిచారు.

కాకినాడ_కిట్టు
శవాలు దొరకనివాళ్ళు కూడా ఉన్నారని చదివాను?

చరిత్ర_చెంచయ్య
ఉన్నారు. ఐఆర్ఏ ఎత్తుకెళ్ళి చంపి, పాతేసి, చెప్పకుండా దాచినవాళ్ళు. కొందరు క్యాథలిక్కులే, గూఢచారులన్న అనుమానంతో. కెప్టెన్ రాబర్ట్ నైరాక్ అనే సైనికాధికారి '77 మే 14న డ్రొమింటీ దగ్గర పబ్బులో పాటలు పాడుతూ ఉంటే ఎత్తుకెళ్ళారు. ఇప్పటికీ దొరకలేదు. 1999లో రెండు ప్రభుత్వాలూ కలిసి వెతకడానికి కమిషన్ వేశాయి. ఆచూకీ చెప్పినవాళ్ళ మీద ఆ సమాచారంతో కేసు పెట్టరు. ఆ భరోసా మీదే బురదనేలలు తవ్వి చాలామందిని ఇళ్ళవాళ్ళకి అప్పగించారు.

వలస_వెంకట్
సరే, కింగ్స్‌మిల్‌ని సమర్థించను. కానీ 1925లో ఆ రిపోర్టు అమలు చేసి ఉంటే ఇవన్నీ జరిగేవా?

చరిత్ర_చెంచయ్య
క్రాస్‌మగ్లెన్‌లో జరిగేవి కాదేమో. గీత నాలుగు మైళ్ళు జరిగితే ఆ కొత్త గీత మీద ఉన్న ఊరికి ఈ పేరు వచ్చేది. న్యూరీ ఎలాగూ ఇవతలే మిగిలేది. ఓట్లు, ఇళ్ళు, ఉద్యోగాల్లో క్యాథలిక్కుల మీద వివక్ష '60ల దాకా సాగింది, దాన్ని గీత సరిచెయ్యదు.

గోదారి_గీత
ఇది ఒప్పుకుంటాను.

న్యూరీ_నాగు
ఇప్పుడు ఎలా ఉంది? 1998 ఒప్పందంతో అయిపోయినట్టేనా?

బెల్‌ఫాస్ట్_బాబాయ్
1998 ఏప్రిల్ 10 ఒప్పందానికి ఉత్తరంలో 71 శాతం, దక్షిణంలో 94 శాతం ఓటేశారు. ఆగస్టులో ఒప్పందం నచ్చని ముఠా ఓమాలో బాంబు పెట్టి 29 మందిని చంపింది, అయినా ఒప్పందం నిలబడింది. టవర్లు విప్పారు. 2007 జులై 31తో సైన్యం ఆపరేషన్ ముగిసింది. కానీ అదే 2007లో దక్షిణ ఆర్మాలోనే కలీహానా కుర్రాణ్ణి, ఇరవై ఒక్క ఏళ్ళవాణ్ణి, మోనాహన్‌లో ఒక కొట్టానికి పిలిపించి ఇనుప రాడ్లతో కొట్టి చంపారు. చుట్టుపక్కల ఎవరు చేశారో తెలియనిది ఎవరికి? ఒక్కరూ కోర్టులో చెప్పలేదు. ఆ తల్లి ఇప్పటికీ అడుగుతూనే ఉంది. నీ ఆఫీసులో టీ కప్పు పట్టుకుని లేచి వెళ్ళినాయన మీద కోపం పెట్టుకోకు నాగూ, ఆ మౌనం చాలా ఇళ్ళల్లో ప్రాణం కాపాడింది. ప్రాణాలు తీసింది కూడా.

పశువుల_డాక్టర్
బ్రెగ్జిట్ అప్పుడు మళ్ళీ గేట్లు వస్తాయేమోనని మా రైతులకి నిద్ర లేదు. సరుకు తనిఖీలు ఓడరేవుల్లోకి తోశారు కాబట్టి రోడ్డు మీద ఏమీ రాలేదు. పాల ట్యాంకర్లు రోజూ దాటుతున్నాయి.

కాకినాడ_కిట్టు
పిల్లలైనా కలిసి చదువుకుంటున్నారా ఇప్పుడు?

బెల్‌ఫాస్ట్_బాబాయ్
ఎక్కువమంది లేదు. రెండు మతాల పిల్లలూ కలిసి చదివే మొదటి స్కూలు 1981లో బెల్‌ఫాస్ట్‌లో పెట్టారు. ఇప్పటికీ అలాంటి బళ్ళలో చదివేది పదిమందిలో ఒకరు కూడా ఉండరు. నా పిల్లలు అక్కడే చదివారు. నాగూ, నీ పాప బడి ఈడుకి వచ్చినప్పుడు దాని గురించి అడుగు, వివరంగా చెప్తాను.

న్యూరీ_నాగు
తప్పకుండా బాబాయ్. ఆదివారం కింగ్స్‌మిల్ స్మారకం దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను. దారి ఎవరైనా చెప్పండి.

గోదారి_గీత
న్యూరీ నుంచి బెస్‌బ్రుక్, అక్కడ్నుంచి వైట్‌క్రాస్ రోడ్డు. రోడ్డు పక్కనే కనిపిస్తుంది, పేర్లు చెక్కి ఉన్నాయి. అదే రోడ్డు మీద ముందుకి వెళ్తే వైట్‌క్రాస్. రీవీ అన్నదమ్ముల ఊరు అదే, మెజెల్లా పోయింది కూడా అక్కడే. ఒకటి చూసి వెనక్కి తిరక్కు, రెండూ చూడు.

న్యూరీ_నాగు
రెండూ చూస్తాను. బెస్‌బ్రుక్ అతను నేనూ వస్తానన్నాడు. క్రాస్‌మగ్లెన్ అతన్ని రేపు అడుగుతాను.